గుండెలో అంత రక్తముంటే దానికే కరువేంటమ్మా?

గుండె నాళాల్ని పరీక్షించే గది, క్యాథ్ ల్యాబ్ బయట స్ట్రెచర్ మీద పడుకుని మా నాన్న అడిగిన ప్రశ్న ఇది. నర్సు తెచ్చిన కాగితాల మీద నేను సంతకాలు పెడుతున్నాను, ఆయన పైకప్పు వంక చూస్తూ, ఎవరి చేనుకి నీళ్లెందుకు అందలేదో వాకబు చేస్తున్నట్టే అడిగాడు. పదిహేడేళ్లుగా ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను, ఏటా గుండె బొమ్మ బోర్డు మీద గీస్తాను, ఇంతవరకు ఒక్కరు కూడా ఈ ప్రశ్న అడగలేదు. నేనూ వాళ్లని అడగలేదు. నాలుగు గదులు, కవాటాలు, మంచి రక్తం, చెడు రక్తం, హృదయ ధమనుల గురించి రెండు వాక్యాలు, అక్కడితో మా పాఠం అయిపోతుంది.

ఆ రోజు నాన్నకి సరిగ్గా చెప్పలేకపోయాను. చేతులు వణుకుతుంటే ఏం చెబుతాం. ఇంటికొచ్చాక నాలుగైదు రోజులపాటు కాఫీలప్పుడూ అన్నాలప్పుడూ కొంచెం కొంచెంగా చెప్పాను. అదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఈ సంగతి మాకు మూడు నెలల ముందు తెలిసుంటే నాన్న ఆ మూడు నెలలూ అంత ప్రమాదం మీద నడిచేవాడు కాదు.

మాది బాపట్ల దగ్గర పల్లెటూరు, కొమ్మమూరు కాలువ కింద మాగాణి. నాన్నకి 64 ఏళ్లు, షుగర్ ఉంది, సిగరెట్ మానేసి చాలా ఏళ్లయింది. వరి కోతలప్పుడు మొదలైందట. మధ్యాహ్నం అన్నం తిని చేలోకి నడిచి వెళుతుంటే కాలువ వంతెన దాకా వచ్చేసరికి రొమ్ము మధ్యలో ఏదో బండ పెట్టినట్టు బరువు, ఎడమ దవడ లాగడం. నొప్పి అనడు, అడిగితే ఇప్పటికీ "నొప్పి కాదమ్మా, బరువు" అనే అంటాడు. వంతెన పక్కనే సోడా కొట్టు ఉంది. అక్కడ బల్ల మీద కూర్చుని గోలీసోడా తాగేవాడు, ఒక త్రేన్పు వచ్చేది, ఐదు నిమిషాల్లో బరువు దిగిపోయేది, లేచి వెళ్లిపోయేవాడు. అన్నం తిన్నాక వస్తోంది, సోడా తాగితే పోతోంది, కాబట్టి గ్యాస్. ఊళ్లో వైద్యం చేసే ఆయన కూడా గ్యాసే అని పరగడుపున వేసుకునే మాత్రలిచ్చాడు. అమ్మ పప్పు వండటం మానేసింది. అలా మూడు నెలలు.

సంక్రాంతి వెళ్లాక గుంటూరు మా ఇంటికొచ్చాడు. ఆ రోజు లిఫ్ట్ పనిచేయడం లేదు, మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో నాన్న రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట. నేను కంగారుపడుతుంటే చెయ్యెత్తి ఆగమన్నాడు. మూడు నిమిషాలు నిలబడ్డాం. "తగ్గిపోయిందిలే, పద" అన్నాడు. అక్కడ సోడా లేదు, త్రేన్పు రాలేదు, అన్నం తిని నాలుగు గంటలైంది. తగ్గింది సోడా వల్ల కాదు, ఆగడం వల్ల. ఇన్నాళ్లూ వంతెన దగ్గర కూడా ఆయన సోడా కోసం ఆగినందుకే తగ్గింది, పేరు మాత్రం సోడాకి పోయింది. నాకు ఒళ్లు జల్లుమంది.

సరే, ఆయన ప్రశ్న.

అందులో తప్పేమీ లేదు. కప్ప గుండె అచ్చంగా ఆయన అనుకున్నట్టే బతుకుతుంది. కప్ప జఠరిక, అంటే రక్తాన్ని బయటికి పిండే కింది గది, దాని గోడ స్పాంజిలా ఉంటుంది, లోపలికొచ్చిన రక్తం ఆ సందుల్లోకి ఇంకి కండకి నేరుగా అందుతుంది, మనకున్నట్టు కండలోకి విడిగా ధమనులు వేసుకోవాల్సిన అవసరం దానికి లేదు. మన ఎడమ జఠరిక గోడ అలా కాదు, దాదాపు ఒక సెంటీమీటరు మందాన గట్టిగా అల్లుకున్న కండ. లోపల ఎంత రక్తం నిండినా, దాన్ని ఆనుకున్న అతి పల్చని పొరకి తప్ప మిగతా మందానికి ఆ రక్తం అందదు. నాన్నకి ఇది చెప్పగానే అర్థమైంది. కాలువ నిండా నీళ్లు పారుతున్నా కట్ట పక్కనున్న చేను తడవదు కదా, తూము ఉండాలి, తూములోంచి బోదె ఉండాలి.

గుండెకి రెండు తూములు. ఎడమ జఠరిక నుంచి బృహద్ధమని బయల్దేరే చోట ఒక కవాటం ఉంటుంది, దానికి మూడు రెక్కలు. ఆ రెక్కల వెనక బృహద్ధమని గోడ కొంచెం ఉబ్బి మూడు చిన్న గిన్నెల్లా ఉంటుంది. అందులో రెండు గిన్నెల్లో ఒక్కో రంధ్రం. అంటే ఒళ్లంతటికీ వెళ్లే పెద్ద కాలువ మొదలైన మొదటి అడుగులోనే, మెదడుకీ చేతులకీ కాళ్లకీ కొమ్మలు చీలకముందే, గుండె తన వాటా తీసుకుంటుంది. ప్రకాశం బ్యారేజీ దాటగానే మొదటి తూము మనదైతే ఎలా ఉంటుందో అలా. శివారు రైతుగా ఏటా ఆగస్టులో నీళ్ల కోసం ఎదురుచూసే మా నాన్నకి ఆ ఏర్పాటు ఎంత గొప్పదో నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

ఎడమ తూములోంచి వచ్చే నాళం ఒకటి రెండు సెంటీమీటర్లు నడిచి రెండుగా చీలుతుంది. ఒకటి గుండె ముందు వైపున, రెండు జఠరికల మధ్య గాడిలోంచి కిందకి దిగుతుంది, రిపోర్టుల్లో ఎల్‌ఏడీ అని రాసేది దీన్నే. ఎడమ జఠరిక ముందు గోడా, రెండు జఠరికల మధ్య గోడలో ముందున్న మూడింట రెండు వంతులూ దీని ఆయకట్టు. ఇందులో మొదట్లోనే అడ్డు పడితే ఎంత కండ ఎండిపోతుందో ఊహించుకోవచ్చు. రెండోది సర్కమ్‌ఫ్లెక్స్, ఎడమ పక్కనుంచి వెనక్కి తిరుగుతుంది. కుడి తూములోంచి వచ్చేది ఆర్‌సీఏ, కుడి కర్ణికకీ (పై గది) కుడి జఠరికకీ మధ్య గాడిలో చుట్టి వచ్చి, చాలామందిలో గుండె అడుగు భాగానికీ రక్తమిస్తుంది. ఎక్కువ మందిలో గుండె లయని నడిపే కణుపులకి రక్తం పంపేదీ ఇదే, అందుకే అది మూసుకుపోయినప్పుడు కొందరికి నాడి బాగా నెమ్మదించి కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ గుండె పైభాగాన కిరీటంలా చుట్టుకుని ఉంటాయని లాటిన్‌లో కిరీటానికున్న పేరుతో కరోనరీ అన్నారు. మనల్ని రెండేళ్లు ఇళ్లలో కూర్చోబెట్టిన వైరస్ పేరులో ఉన్నదీ ఆ మాటే.

ఎంత లావుంటాయి అంటే, పెద్ద కొమ్మలు మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్లు, బాల్ పెన్ను రీఫిల్ అంత. నాన్న నా పెన్ను విప్పి ఆ రీఫిల్ చాలాసేపు చూశాడు.

ఆయనకి అన్నిటికంటే ఎక్కువగా నచ్చిందీ, నేను పాఠంలో ఎప్పుడూ నిలబడి చెప్పందీ ఇంకొకటుంది. గుండె పిండినప్పుడు ఒంట్లో మిగతా చోట్లకి రక్తం ఉరుకుతుంది. కానీ ఎడమ జఠరిక కండ తను బిగుసుకున్నప్పుడు తనలోంచి వెళ్లే సన్నని నాళాల్ని తనే నొక్కేస్తుంది. తడిబట్టని పిడికిట్లో బిగించి పట్టుకుని దానిమీద నీళ్లు పోస్తే లోపలికి పోవు, పిడికిలి వదిలితేనే పోతాయి. అలాగే ఎడమ జఠరికకి రావాల్సిన రక్తంలో ఎక్కువ భాగం అది సడలినప్పుడే వస్తుంది. కవాటం మూసుకుంటుంది, బృహద్ధమనిలో ఉన్న ఒత్తిడికి రక్తం ఆ రెండు తూముల్లోంచి దిగుతుంది. (కుడి జఠరిక గోడ పల్చన, అక్కడ ఒత్తిడి తక్కువ, కాబట్టి దానికి రెండు వేళలా అందుతుంది.) అందరికీ పెట్టి ఆఖర్న తినే మా అమ్మ గుర్తొచ్చింది నాకు. నాన్న మాత్రం "వంతులవారీ అన్నమాట" అన్నాడు. డెల్టాలో నీళ్లు తక్కువైన ఏడు ఈ కాలువకి నాలుగు రోజులు, ఆ కాలువకి నాలుగు రోజులు అని వంతులు పెడతారు, అదీ ఆయన లెక్క. ఆ మాట నేను వెతికినా దొరికేది కాదు.

ఆ వంతు ఎంతసేపు? నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకి ఒక్కో దెబ్బకి 0.8 సెకన్లు. అందులో జఠరికలు పిండేది సుమారు 0.3, సడలి ఉండేది 0.5. నిమిషం మొత్తమ్మీద 37 సెకన్ల దాకా నీళ్లు వదిలే వంతు ఉన్నట్టు. ఇప్పుడు మెట్లెక్కుతున్నాం, నాడి 150 కి పోయిందనుకోండి. ఒక్కో దెబ్బకి 0.4 సెకన్లే మిగులుతాయి. పిండే సమయాన్ని మరీ తగ్గించడం కుదరదు, కాబట్టి కోతలో ఎక్కువ భాగం సడలింపు మీదే పడుతుంది. పని పెరిగింది, రక్తం ఎక్కువ కావాలి, వంతు సమయమేమో తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న ధమనులు బాగా విప్పారి అంత తక్కువ సమయంలోనే కావలసినంత రక్తాన్ని దింపేస్తాయి. మామూలుగా నిమిషానికి పావు లీటరు వెళ్లేది, గట్టిగా శ్రమ చేసినప్పుడు నాలుగైదు రెట్లవుతుంది.

ఆ పావు లీటరు గురించి ఒక్క మాట. గుండె బరువు సుమారు 300 గ్రాములు, మనిషి బరువులో అర శాతం కూడా ఉండదు. నిమిషానికి అది తోసే 5 లీటర్లలో 5 శాతం దాకా తనకే వాడుకుంటుంది. వచ్చిన రక్తంలోని ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా కూర్చున్నప్పుడే లాగేసుకుంటుంది, ఒళ్లంతా కలిపి చూస్తే మనం వాడుకునేది పావు వంతే. కాలి కండకి ఎక్కువ పనిపడితే అదే రక్తంలోంచి ఇంకాస్త ఆక్సిజన్ పిండుకోగలదు. గుండెకి ఆ వెసులుబాటు దాదాపు లేదు. ఇంకా కావాలంటే ఇంకా రక్తం రావాల్సిందే, వేరే దారి లేదు.

నాన్న మూడు నెలలూ నడిచింది ఈ సందులోనే. పెద్ద నాళంలో అడ్డు పెరుగుతుంటే దాని దిగువనున్న సన్నని నాళాలు ముందే విప్పారి సర్దుకుంటాయి, అందుకే కూర్చున్నప్పుడు ఏమీ తెలీదు. నాళం వ్యాసం 70 శాతం దాకా మూసుకుపోయినా విశ్రాంతిలో బాగానే ఉంటుంది. నడక మొదలుపెట్టాకే చాలదు, ఆ కండ ఆకలితో కేకపెడుతుంది. ఆగితే నాడి దిగుతుంది, వంతు సమయం పెరుగుతుంది, మూడు నుంచి ఐదు నిమిషాల్లో బరువు పోతుంది. తిన్నాక త్వరగా రావడానికీ కారణముంది, అప్పుడు జీర్ణాశయానికీ పేగులకీ కూడా రక్తం ఎక్కువ పంపాలి, గుండెకి ముందే పని పెరిగి ఉంటుంది. లండన్‌లో విలియం హెబర్డెన్ అనే డాక్టరు 1768లో ఈ జబ్బుని వర్ణించాడు, అది 1772లో అచ్చయింది. నడుస్తున్నప్పుడు వస్తుంది, ఎత్తెక్కుతుంటే, తిన్న వెంటనే అయితే మరీను, నిలబడగానే పోతుంది అని అందులో ఉంది. 250 ఏళ్ల కిందట ఎక్కడో రాసినదాంట్లో మా ఊరి వంతెనా, నాన్న మధ్యాహ్నం భోజనమూ ఉన్నాయనిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే ఈసీజీ తీయిస్తే నార్మల్ వచ్చింది. నాన్న మొహం వెలిగిపోయింది, "చెప్పానుగా" అన్నాడు. చాలామంది వెనక్కి వెళ్లిపోయేది ఇక్కడే, దయచేసి వెళ్లకండి. మంచం మీద పడుకోబెట్టి నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ, నడిస్తే వచ్చే నొప్పి గురించి ఏమీ చెప్పకపోవచ్చు. ఆ కార్డియాలజిస్టు ఈసీజీ కాగితం పక్కన పెట్టి, "ఎంత దూరం నడిస్తే వస్తుందండీ? ఆగితే ఎంతసేపట్లో పోతుంది?" అని రెండే ప్రశ్నలడిగారు. తర్వాత టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష, చేస్తే మూడు నిమిషాలకే గీతలు మారిపోయి ఆపేశారు. ఆ వారంలోనే యాంజియోగ్రామ్.

కుడి మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి, ఆ తూముల దగ్గర ఎక్స్‌రేలో కనిపించే డై వదులుతారు. నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ మీద చూపించారు. ఏటా సుద్దముక్కతో గీసే కొమ్మలు నల్లగా కదులుతున్నాయి, ప్రతి దెబ్బకీ ఒంగుతూ లేస్తూ. ఎల్‌ఏడీ మొదట్లోనే ఒక చోట నల్లగీత దారప్పోగంతై మళ్లీ వెడల్పయింది. 90 శాతం. ఆర్‌సీఏలో 40. అది కదులుతున్నది మా నాన్న గుండె అనీ, ఆ దారప్పోగు మీదే ఆయన మూడు నెలలు వంతెన దాకా నడిచాడనీ తెలిసి అలా నిలబడిపోయాను.

అదే వేళ స్టెంట్ వేశారు, అంటే నాళాన్ని తెరిచి పట్టుకునే సన్నని లోహపు జాలీ గొట్టం. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 38 ఏళ్ల మనిషికి మొదటిసారి నాళంలో బెలూన్ ఉబ్బించి తెరిచింది కూడా ఎల్‌ఏడీలోని అడ్డునే. మన హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 90ల్లో తక్కువ ధరకి కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలని ప్రభుత్వం పరిమితి పెట్టడం వల్ల ఎన్ని రైతు కుటుంబాలు పొలం తాకట్టు పెట్టకుండా బయటపడ్డాయో, బిల్లు చేతికొచ్చినప్పుడు నాకు అర్థమైంది.

ఇంటికొచ్చాక నాన్న అందరికీ "పూడిక తీశారు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ మాత్రం కాలువ పోలిక పనికిరాదు, ఆపి చెప్పాల్సొచ్చింది. అడ్డు అంటే పైపు లోపల నాచు పట్టినట్టు పైపైన పేరుకున్నది కాదు. కొవ్వు నాళం గోడ లోపలికి చేరి, అక్కడ వాపు వచ్చి, ఆ గోడే లోపలికి పొంగుతుంది, కాలువ కట్ట ఒరిగినట్టు. స్టెంట్ దాన్ని తీసెయ్యదు, గోడకి నొక్కి పట్టి ఉంచుతుంది, అంతే. ఇంకో సంగతి, నొప్పి రానివ్వని చిన్న పొంగు కూడా ఒక రోజు పైపొర చిట్లితే, అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మొత్తం మూసెయ్యగలదు. గుండెపోటంటే ఎక్కువగా అదే. అందుకే ఆర్‌సీఏలోని ఆ 40 శాతాన్ని మర్చిపోవద్దని నాన్నకి రోజూ చెబుతున్నాను. కొలెస్ట్రాల్ మాత్ర, షుగర్, బీపీ, రక్తం పల్చబడే మాత్రలు, ఇవన్నీ ఒళ్లంతా ఉన్న గోడల కోసం. స్టెంట్ ఉన్నది ఒక్క చోటే. నాలాంటి పిల్లలు స్టెంట్ వేయించేశాం, ఇంక టెన్షన్ లేదు అనుకుని ఏడాది తిరక్కుండా మాత్రలు మానిపిస్తున్నారు, అలా చెయ్యకండి. నాడిని నెమ్మదింపజేసే మాత్ర కూడా ఇచ్చారు, ఇప్పుడాయన నాడి 62. "వంతు పెంచారన్నమాట" అన్నాడు, అవునన్నాను.

ఆగితే తగ్గేది ఒక రకం. ఆగినా తగ్గకపోతే, పదిహేను ఇరవై నిమిషాలైనా బరువు అలాగే ఉండి చెమటలు, వాంతి, ఆయాసం ఉంటే అది వేరే, అప్పుడు నాళం మూసుకుపోయిందేమో అనుకోవాలి, ఇరవై ముప్పై నిమిషాల నుంచి కండ చావడం మొదలవుతుంది. సోడా కాదు, 108. గుండె అడుగు భాగానికి రక్తం ఆగితే నొప్పి పై పొట్టలోనే అనిపించి వాంతి కావచ్చు, గ్యాస్ అనుకోడానికి అంతకంటే అనువుగా ఏముంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి అసలు నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో ఒక్కోసారి ఆయాసం, విపరీతమైన నీరసం, వీపులోనో దవడలోనో లాగడం, అంతే ఉంటుంది, మనమేమో పని ఎక్కువైందిలే అంటాం.

నాన్న ఇప్పుడు పొద్దునా సాయంత్రం వంతెన దాటి చేను దాకా వెళ్లొస్తున్నాడు, ఆగకుండా. ఇవాళ ఫోన్ చేశాడు. తిరిగొస్తుంటే సోడా కొట్టు బల్ల మీద పక్క బజారు బాబాయి కూర్చుని ఉన్నాడట, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, సోడా ఇంకా కొట్టలేదట. "ఎక్కడిదాకా నడిస్తే వస్తోందిరా? ఆగితే పోతోందా?" అని అడిగాడట నాన్న. చెరువు కట్ట దాకా, ఆగితే పోతోంది, రెండు నెలలైంది అన్నాడట ఆయన. "రేపు పొద్దున బస్సుకి తీసుకొస్తున్నానమ్మా, చీటీ రాయించి పెట్టు. ఈసీజీ ఒక్కటి తీసి పంపించేస్తారేమో, నువ్వు కూడా రా" అన్నాడు. రేపు మొదటి పీరియడ్ వేరేవాళ్లని తీసుకోమని చెప్పాను, ఎనిమిదింటికి బస్టాండ్‌లో ఉండాలి.